ఒక్కసారి మాత్రమే

సోమవారం పొద్దున. పొద్దు అనడం మాటవరసకే,
నవంబరు చివర ట్రోమ్సోలో సూర్యుడు సెలవు పెట్టి పోతాడు,
తిరిగొచ్చే తేదీ మాత్రం కచ్చితంగా రాసిపెడతాడు.
బూట్ల మంచు దులుపుకుని లోపలికొస్తే
సర్వరు గదిలో ఫ్యాన్లు పూనకం పట్టినట్టు హోరెత్తుతున్నాయి.

సున్నివా మెయిలు పెట్టెలో
పదకొండు వేల రెండొందల ఆరు ఉత్తరాలు.
ఎండు చేపలు అమ్ముకునే కంపెనీ మాది,
ఏడాది మొత్తం కలిపినా అన్ని రావు.

తెరిస్తే అంతా ఒక్కటే కబురు.
విగో రేవు నుంచి కసిమిరో లౌరో యంత్రం:
"మీ మెయిలుకు ధన్యవాదాలు. నేను ఊళ్లో లేను."
మా సున్నివా యంత్రం:
"మీ మెయిలుకు ధన్యవాదాలు. నేను సెలవులో ఉన్నాను."
మీరు ముందంటే మీరు ముందని
గుమ్మం దగ్గరే ఆగిపోయిన వియ్యంకుల్లా
శుక్రవారం సాయంత్రం నుంచీ
రెండున్నర రోజులు.
ఒక్కరికీ ఆకలి లేదు, విసుగు లేదు,
ఇల్లు మాత్రం ఖాళీ.

దీనికో నియమం ఉంది.
ఇరవై రెండేళ్లుగా నేను కాపలా కాస్తున్నది దాన్నే.
యంత్రం రాసిన ఉత్తరానికి
మనుషుల కంట పడని చోట ఒక వరుస ఉండాలి:
ఇది రాసింది మనిషి కాదు.
ఆ వరుస చదివిన మరో యంత్రం నోరు మూసుకోవాలి.
పంపినవాళ్ల చిరునామా దగ్గర ఖాళీ వదలాలి,
తిరిగి రావడానికి దారే లేకుండా.
ఒక మనిషికి ఒక సెలవులో ఒక్కసారే చెప్పాలి,
ఎవరికి చెప్పిందో చిట్టాలో రాసుకోవాలి.
యంత్రాలకు మర్యాదంటే
ఎక్కడ ఊరుకోవాలో తెలియడం. అంతే.

విగోలోది పాత సరుకు, ఆ వరుస రాయదు.
మాది, తప్పు నాదే,
ఆగస్టులో కొత్త సర్వరుకు మారినప్పుడు
చిట్టా తెచ్చుకోవడం మరిచాను.

అన్నిటికీ అడుగున మొదటి ఉత్తరం.
శుక్రవారం, మూడు నలభై.
"రెండు బస్తాలకు చెమ్మ తగిలింది, తొందరేం లేదు.
నీ దగ్గు ఎలా ఉంది?
మొన్న ఫోనులో వింటే నాకు బాగా అనిపించలేదు.
ఎవరికైనా చూపించావా?"

దానికి మేము ధన్యవాదాలు చెప్పాం.
పదకొండు వేల రెండొందల ఆరు సార్లు చెప్పాం.

ఆ దగ్గు నేనూ విన్నాను.
పక్క బల్లే నాది.
అక్టోబరంతా విన్నాను, తెర మీంచి కళ్లు తిప్పకుండా.
సెలవు ఫారంలో ఆమె రాసింది "సొంత పని" అని.
నేను దాన్ని ఆమోదించే వరుసలోకి తోశాను.

నియమం సరిచేశాను. చిట్టా కట్టాను.
ఒక్కటి ఉంచి మిగతావన్నీ చెరిపేశాను.
ఫ్యాన్లు ఒక్కొక్కటే గొంతు తగ్గించాయి.
అప్పుడు, మెయిలు కాదు, ఫోను తీశాను.

నాలుగో మోతకు ఎత్తింది.
"ఏంటి బిర్గర్, సర్వరు పడిందా?"
లేదు, అన్నాను.
కసిమిరో నీ దగ్గు సంగతి అడిగాడు, అన్నాను.
ఫోనులో కెటిల్ మరిగే చప్పుడు వినిపించింది.
తర్వాత దగ్గు.
"బుధవారం చెబుతారట," అంది.
ఇంకాసేపటికి,
"ఆ బస్తాల డబ్బు వాపసిస్తామని చెప్పు అతనికి."

ఎవరి తరఫునా కాకుండా, నా పేరుతోనే
రెండు వాక్యాలు రాసి విగోకు పంపాను.
ఒకటి బస్తాల గురించి.
రెండోది బుధవారం గురించి.

కన్నార్పేలోగా జవాబు:
"మీ మెయిలుకు ధన్యవాదాలు. నేను ఊళ్లో లేను."

చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.
ఇంకోటి వస్తుందేమోనని చూశాను.
కాఫీ చల్లారేదాకా చూశాను.

రాలేదు.